తుమ్మెద కింద చుక్క

20 మార్చి 2022, ఆదివారం

ఈ నోటుపుస్తకం ల్యాబులోది. మొదటి పదకొండు పేజీల నిండా జనం పళ్ళ కొలతలున్నాయి, చింపేశాను. ముప్ఫై నాలుగేళ్ళు పళ్ళ సెట్లు చేసినవాడికి ఇంట్లో ఖాళీ పుస్తకాలకి కొదవ ఉండదు. మాట్లాడే మనిషికే కొదవ, అదీ నిన్నటి నుంచి. పొద్దున షెడ్డులో గేర్ పెట్టెతో పైకే మాట్లాడుతున్నానని తెలిసి సిగ్గేసింది. దానికంటే రాసుకోవడం నయం.

శుక్రవారం బెంటెకి అరవై నిండాయి. పదకొండు మంది భోజనానికి వస్తున్నారని నాకు తెలుసు. కానీ గేర్ పెట్టె వేడెక్కితే తప్ప కొత్త బేరింగు లోపలికి కూర్చోదు, వేడెక్కించడానికి వంటింటి ఓవెన్ తప్ప నాకు వేరే దిక్కు లేదు. నూట పది డిగ్రీలు, నలభై నిమిషాలు. మధ్యాహ్నమే పెట్టి తీసేశాను. ఓవెన్ తుడిచాను కూడా. సాయంత్రం అందులోంచి పంది రోస్టు వచ్చింది. పైన చర్మం కరకరలాడుతూ, చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. వాసన మాత్రం 1951 నాటి గేర్ ఆయిలు. వచ్చినవాళ్ళందరూ మర్యాదస్తులు, బంగాళాదుంపలు తిన్నారు. "మా ఆయన మసాలా," అంది బెంటె నవ్వుతూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున చిన్న సంచీ సర్దుకుని రేవు ఊరు ఫోబోర్గ్‌లో చెల్లెలు లిస్‌బెత్ ఇంటికి బయల్దేరింది.

"ఎన్నాళ్ళు?" అన్నాను.

"నువ్వు ఆ బండిని విప్పిన రోజున నేనూ ఇదే అడిగాను," అంది.

చిన్న సంచీయే. కాబట్టి కొన్ని రోజులే.

మే 24కి మా పెళ్ళయి ఇరవై ఐదేళ్ళు. ఆ రోజుకి తుమ్మెద చక్రాల మీద నిలబడి, ఇంజను పలికితే బెంటె వచ్చేస్తుంది. అది ఆమె తండ్రి మోటారుసైకిలు, పక్కన సైడ్‌కారుతో. ఆయన దాని మీదే ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఉత్తరాలు పంచాడు. ఈ నాలుగు సిలిండర్ల బళ్ళకి తుమ్మెద అని ఎవరు పేరు పెట్టారో గానీ, మాది మాత్రం పందొమ్మిదేళ్ళుగా గప్‌చిప్‌గా ముక్కలై పడుంది. ఇంకా తొమ్మిది వారాల రెండు రోజులుంది. బోలెడు టైము.

హాల్లో కొక్కేల దగ్గర ఏదో తగ్గినట్టుంది. ఏమిటో తెలియడం లేదు.


22 మార్చి

గేర్ పెట్టె తిప్పి చూశాను, బేరింగు చక్కగా కూర్చుంది. చెబుదామంటే ఎవరూ లేరు.


27 మార్చి, ఆదివారం

ఎదురింటి యూటె వచ్చింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. మా వీధిలో చెట్టు కొమ్మ నరకాలన్నా ఆవిణ్ణి అడగాలి. ఆవిడ నోట్లో పై వరసా కింది వరసా నేను చేసినవే. ఎడమవైపు కోరపన్ను కాస్త పక్కకి తిరిగి ఉందని ఆవిడకి తెలియదు, నాకు తెలుసు. పదహారేళ్ళుగా ఆవిడ నవ్వినప్పుడల్లా అది నా కంట్లో గుచ్చుకుంటోంది.

"బెంటె కనపడ్డం లేదేం?"

"లిస్‌బెత్‌కి తుంటి ఆపరేషన్. చూసుకోడానికి వెళ్ళింది."

నోట్లోంచి అలా వచ్చేసింది. నేను ఆలోచించి చెప్పింది కాదు.

"అయ్యో పాపం! మొన్న పుట్టినరోజుకి మెట్లన్నీ చకచకా ఎక్కి దిగిందిగా?"

"హఠాత్తుగా వచ్చింది."

"తుంటి హఠాత్తుగా వస్తుందా?"

"ఒక్కోసారి వస్తుంది."

"ఏ వైపు?"

"ఎడమ."

వెళుతూ వెళుతూ మా గేటు దగ్గర ఆగి, జేబులోంచి టేపు తీసి వెడల్పు కొలిచింది. నేను చూస్తున్నానని తెలిసి, "మీ కంచె మొక్కలు ఎంత పెరిగాయో చూద్దామని," అంది. కంచె మొక్కలు గేటుకి మూడు మీటర్ల దూరంలో ఉన్నాయి.

నా ఖర్మ కాకపోతే తోరణం సంగతి ఎలా మరిచిపోయాను? ఈ వీధిలో ఎవరి ఇరవై ఐదేళ్ళ వెండి పెళ్ళికైనా ఇరుగుపొరుగు రోజుల తరబడి ఎవరి గరాజులోనో కూర్చుని దేవదారు కొమ్మలు కడతారు. పెళ్ళిరోజు తెల్లవారగానే గేటుకి నిలబెట్టి పాట పాడతారు. మొగుడూ పెళ్ళాం నిద్ర బట్టల్లో బయటికొచ్చి, అసలేమీ తెలియనట్టు ఆశ్చర్యపోయి, అందరికీ బన్నులూ కాఫీ పెట్టాలి. నేనే తొమ్మిది తోరణాలు కట్టాను. యూటె వాళ్ళ స్వర్ణోత్సవానికి నిచ్చెన మీంచి పడ్డాను కూడా. ఇప్పుడు గేటు ముందు ఇద్దరం నిలబడాలి.

నిలబడతాం. బండి అయిపోతుంది కదా.


2 ఏప్రిల్, శనివారం

విగో వచ్చాడు. పాత స్నేహితుడే, వీధి మలుపులో తన మిషను షాపు మూసేసినప్పటి నుంచి నేను చేసేవాటికి వంకలు పెట్టడమే వాడి ఉద్యోగం. వెనక చక్రం నట్టు ఒకటి మూడు రోజులుగా కదలడం లేదు. ఆయిలు పోశాను, వేడి చేశాను, మళ్ళీ ఆయిలు పోశాను.

"సుత్తితో ఒక్కటి వెయ్యరా."

"మరలు పోతాయి."

"పోతే ఇంకో నట్టు వేసుకో. అది నట్టురా థోర్కిల్, పసిపిల్ల కాదు. నువ్వు బుజ్జగిస్తున్నకొద్దీ అది బిర్రబిగుసుకుంటోంది."

నా చేతిలోంచి పానా లాక్కుని ఒక్కటి వేశాడు. నట్టు తిరిగింది. చూశావా అనకుండా ఉండటం వాడికి పుట్టుకతో రాలేదు. రెండుసార్లు అన్నాడు.

సైడ్‌కారు బిగించే బోల్టుల్ని నేను ఒక్కొక్కటే కొలుస్తుంటే మళ్ళీ అందుకున్నాడు. "మిల్లీమీటరులో వందో వంతు కొలుస్తున్నావు. ఇది నోట్లో పెట్టుకునేది కాదురా బాబూ, రోడ్డు మీద నడిచేది."

లిస్‌బెత్ ఎలా ఉందని అడిగాడు. ఇప్పుడిప్పుడే నడుస్తోందని చెప్పాను.


5 ఏప్రిల్

విగోకి కుడి తుంటి అని చెప్పానని ఇవాళ గుర్తొచ్చింది.


10 ఏప్రిల్, ఆదివారం

బెంటె ఫోన్ చేసింది. పదిహేడు నిమిషాలు మాట్లాడుకున్నాం. బాగా మాట్లాడుకున్నాం.

"ఏం తింటున్నావు?"

"రై రొట్టె, దాని మీద ఏదో ఒకటి."

"నిద్ర పడుతోందా?"

కార్బొరేటరు గురించి చెప్పాను. దాని లోపల తేలే ఇత్తడి బుడ్డికి కంటికి కనపడనంత బెజ్జం ఉంది. అందులోకి పెట్రోలు చేరి బుడ్డి మునిగిపోతోంది. ఆ బెజ్జం కనుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది, అది చెప్పడానికి పది నిమిషాలు పట్టి ఉంటుంది. ఆమె విన్నది. మధ్యలో ఎక్కడా అడ్డుపడలేదు.

"ఇక్కడ ఎండ బాగా కాస్తోంది," అంది తర్వాత. "రేవు పక్క రోడ్డంతా ఆరిపోయింది. ఇలాంటి రోజున నాన్న ఉత్తరాలు పంచడం అయిపోయాక నన్ను వెనకాల ఎక్కించుకుని గుట్టల మీదికి..."

"రోడ్డు ఆరితే ఏం లాభం, బ్రేకు కేబుళ్ళు ఇంకా రాలేదు," అన్నాను.



"థోర్కిల్, నేను నిద్ర పడుతోందా అని అడిగాను."

"పడుతోంది."

పడటం లేదు. అది వేరే సంగతి.


17 ఏప్రిల్, ఈస్టరు

ఎక్కడికీ వెళ్ళలేదు. ఎవర్నీ రమ్మనలేదు. షెడ్డులో అటక మీది కాఫీ డబ్బాలన్నీ కిందికి దించాను. మొత్తం ఇరవై మూడు. 2003 జూన్‌లో తుమ్మెదని విప్పినప్పుడు నట్లూ బోల్టులూ వాటిలోనే వేశాం. ఇంజను కింద ఒక చుక్క ఆయిలు కారేది, అది ఆపడానికి విప్పాం. రెండు వారాల పని.

డబ్బాల మీద కాగితాలు అంటించింది బెంటె. ఒకటో డబ్బా మీద "ముందు చక్రం. రెండు నట్లు తక్కువ. థోర్కిల్ మింగి ఉంటాడు" అని ఉంది. నాలుగో దాని మీద "ఇవేమిటో ఎవరికీ తెలియదు. అయినా పారెయ్యకు." ఏడో దాని మీద "ఆగస్టుకల్లా రోడ్డెక్కుతాం!" అని రాసి కింద రెండు గీతలు గీసింది.

ఎనిమిది నుంచి ఇరవై మూడు వరకూ దస్తూరీ నాది. కొలతలు మాత్రమే ఉన్నాయి.

బెంటె షెడ్డులోకి రావడం ఎప్పుడు మానేసిందో గుర్తు తెచ్చుకుందామని చూశాను. ఆ ఏడు చలి ఎక్కువ, షెడ్డులో హీటరు లేదు, అందుకే మానేసి ఉంటుంది. హీటరు 2005లో పెట్టించాను. ఆ తర్వాత కూడా రాలేదు. అలవాటు తప్పిపోయి ఉంటుంది.

ప్రతి జనవరిలోనూ తుమ్మెదకి బీమా కట్టేది ఆమే. నడవని బండికి బీమా ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

మధ్యాహ్నం హాల్లో పెళ్ళి ఫొటో దుమ్ము తుడిచాను. పెళ్ళిబట్టల మీద హెల్మెట్ పెట్టుకుని బెంటె హ్యాండిల్ పట్టుకుని ఉంది. మేలిముసుగు హెల్మెట్ కింద నుంచి ఎగురుతోంది. నేను సైడ్‌కారులో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని, ఒళ్ళో కేకు పెట్టె పట్టుకుని ఉన్నాను. ఫొటోలో ఆయిలు చుక్క కనిపించదు. కానీ ఆ రోజు కూడా కారుతూనే ఉంది.


28 ఏప్రిల్

బ్రేకు కేబుళ్ళు వచ్చాయి, బిగించేశాను. ట్యాంకుకి ఎర్ర రంగు మూడోసారి. ఇది తపాలా ఎరుపు కాదు, టమాటా ఎరుపు. గీకేస్తున్నాను.


3 మే

నాలుగోసారి. విగో అన్నాడు, "నాకు నాలుగూ ఒకేలా కనిపిస్తున్నాయి." వాడికి పచ్చ కూడా ఎర్రగానే కనిపిస్తుంది. వాడితో పెట్టుకోకూడదు.

యూటె గరాజులో పొద్దుటి నుంచీ మనుషులు. దేవదారు వాసన రోడ్డు దాటి వస్తోంది. నేను తల వంచుకుని వెళుతుంటే అందరూ ఒక్కసారి మాటలాపేసి, వాతావరణం గురించి గట్టిగా మాట్లాడటం మొదలెట్టారు. వీళ్ళకి నటన ఒక్క ముక్క రాదు.


12 మే, గురువారం

రేపు ప్రార్థన దినం సెలవు. బేకరీ ముందు వేడి గోధుమ బన్నుల కోసం వీధి చివరి దాకా వరస. అలవాటు ప్రకారం డజను కొన్నాను. బెంటె ఉంటే ఆరు తినేది, వెన్న కరిగి మోచేతుల దాకా కారుతుంటే. నేను రెండు తిన్నాను. మిగతావి షెడ్డులో హీటరు మీద ఎండిపోతున్నాయి.

కానీ అసలు సంగతి అది కాదు. ఇంజను పలికింది!

పద్దెనిమిది తన్నులు తన్నాను. పందొమ్మిదో తన్నుకి దగ్గింది. ఇరవయ్యో దానికి అందుకుంది. నాలుగు సిలిండర్లూ, ఒకదాని వెనక ఒకటి. ఆ ఝుంకారం ఎలా ఉంటుందో నేను మరిచేపోయాను. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల కాదు, కిటికీ తెరిచే ఉంది.

వెంటనే బెంటెకి ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా ఫోను ఇంజను దగ్గర పెట్టాను. నిమిషం తర్వాత చెవి దగ్గర పెట్టుకుంటే అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"నాన్న ఇంటికొచ్చినట్టుంది," అంది. "కారుతోందా?"

నవ్వుతూనే అడిగింది. వంగి చూశాను. అదే చోట, ఆయిలు గిన్నె అతుకు దగ్గర, ఒక చుక్క వేలాడుతోంది.

"ఒక్క చుక్కే. నువ్వేం దిగులు పెట్టుకోకు, కింద భాగం విప్పి చూస్తాను," అన్నాను.

"విప్పుతావా?"

"వారం పని."

ఫోను పెట్టేసింది. ఛార్జింగు అయిపోయి ఉంటుంది.


15 మే

నాలుగు నిమిషాలకి ఒక చుక్క. గడియారం పెట్టి చూశాను. పందొమ్మిదేళ్ళ కిందట కూడా నాలుగు నిమిషాలకే.


18 మే, బుధవారం

నా తల ప్రాణం తోకకొచ్చింది. కింద గిన్నెని దించకుండానే, పళ్ళ అచ్చు తీసే ముద్దని అతుకు చుట్టూ ఒత్తి అచ్చు తీశాను. యూటె దవడ అచ్చు కూడా ఇంత శ్రద్ధగా తీయలేదు. ఆ అచ్చు చూసి గ్యాస్కెట్ కత్తిరించి సందులోకి దూర్చాను. ఇప్పుడు మూడున్నర నిమిషాలకి ఒక చుక్క.

ఎవరో నా మీద కక్ష కట్టారు. 1951లో ఎవడో ఒకడు ఆ గిన్నె అంచుని ఒక వెంట్రుక మందం వంకరగా కోశాడు, సాయంత్రం ఇంటికెళ్ళి హాయిగా భోంచేశాడు. ఇక్కడ నేను అనుభవిస్తున్నాను.

గ్యాస్కెట్ పీకేశాను. మళ్ళీ నాలుగు నిమిషాలు.

ఇంజను మొత్తం దించి, గిన్నె అంచుని అద్దంలా సానపడితే చుక్క ఆగుతుంది. ఆగి తీరుతుంది. ఆరు రోజులుంది. దించడానికి రెండు రోజులు, సానపట్టడానికి ఒకటి, ఎక్కించడానికి మూడు. సరిపోతుంది. బొటాబొటీగా సరిపోతుంది.


21 మే, శనివారం

విగోతో పోట్లాట. అసలు పోట్లాటని కూడా అనలేను, వాడొక్కడే అరిచాడు.

నేను ఇంజను కింద జాకీ పెడుతుంటే వచ్చాడు. చూశాడు. నా పానాల పెట్టె మూత వేసి దాని మీద కూర్చున్నాడు.

"లేవరా, పనుంది."

"లేవను. ఈ బండి ఎవరిది?"

"బెంటెది. ఆమె కోసమే కదా ఇదంతా చేస్తున్నాను."

"ఆమె కోసమా? ఆమె ఏమడిగింది? ఆ చుక్క ఆపమని అడిగిందా ఎప్పుడైనా? గుర్తు తెచ్చుకుని చెప్పు."

గుర్తు తెచ్చుకున్నాను. 2003లో వంటింట్లో నిలబడి, "కారనీలే థోర్కిల్, నాన్న ఉన్నప్పుడూ కారేది, కింద డబ్బా పెడితే చాలు" అంది. ఆ మాట నాకు గుర్తుంది. అది ఎప్పుడూ గుర్తుంది. విగోకి చెప్పలేదు.

"ఆ అమ్మాయి రోజూ ఆ బండి మీద పనికెళ్ళేది," అన్నాడు విగో. "వానొచ్చినా, మంచు కురిసినా. మా షాపు ముందు నుంచి వెళుతూ హారను కొట్టేది. నలభై ఒక్క ఏళ్ళప్పుడు ఆమె కిందనుంచి ఆ బండి లాగేశావు. ఇప్పుడు అరవై. నువ్వేమో అచ్చులు తీస్తున్నావు! నీకసలు మోటారుసైకిలు లైసెన్సు కూడా లేదు కదరా!"

లేదు. ఆ అవసరం రాలేదు, సైడ్‌కారులో కూర్చోవడానికి లైసెన్సు అక్కర్లేదు.

"వెళ్ళిపో," అన్నాను.

వెళ్ళాడు. పానాల పెట్టె కూడా పట్టుకుపోయాడు, దొంగ వెధవ.


22 మే

విప్పను.


22 మే, సాయంత్రం

వంటింటి సొరుగులో ఇంకో పానా ఉంది. నాలుగు నట్లు వదులు చేశాను. చూడటానికే.


23 మే, సోమవారం

పొద్దున షెడ్డులోకి వెళితే నేల మీద ఆయిలు మడుగు. నాలుగు నట్లు వదులు చేస్తే చుక్కలు కారవు, ధారే కారుతుంది. ఆ మడుగులో నా మొహం కనిపించింది. అరవై రెండేళ్ళ మొహం. ముక్కు మీద ఎర్ర రంగు ఉంది, టమాటా ఎరుపు.

రెండు వారాల పనికి పందొమ్మిదేళ్ళు తీసుకున్నాను. ఇంకో ఆరు రోజులు అనుకుంటున్నాను. ఆ ఆరు రోజులు ఎంతవుతాయో నాకు తెలియదా? బెంటెకి తెలుసు, అందుకే ఫోను పెట్టేసింది. ఛార్జింగు కాదు.

నేనే ఆమెని ఆ బండి మీంచి దించాను. బాగుచేస్తున్నానని చెప్పి దించాను, అందుకని ఎవరూ నన్ను ఏమీ అనలేకపోయారు. ఆమె కూడా అనలేకపోయింది. ఇది రాయడానికి చాలా కష్టంగా ఉంది.

నాలుగు నట్లూ బిగించాను. చేతికి ఎంత బిగువు తెలిస్తే అంతే, కొలవలేదు. మడుగు తుడిచాను, ఆయిలు పోశాను. పరీక్ష కోసం రెండు లీటర్ల పెట్రోలు పోసి ఇంజను నడిపాను. నాలుగు నిమిషాలకి చుక్క. బండిని తోసుకుంటూ బయటికి తెచ్చి షెడ్డు ముందు రాళ్ళ మీద నిలబెట్టాను. కింద డబ్బా పెట్టలేదు. ఎర్రగా ఉంది, అందంగా ఉంది. ఏ ఎరుపో నేను ఇక చెప్పలేను.

బెంటెకి మెసేజి పెట్టాను. మొదట చాలా పొడుగ్గా రాశాను, అందులో సగం గ్యాస్కెట్ గురించే ఉంది. అంతా చెరిపేసి రెండే మాటలు పంపాను: "కారుతోంది. విప్పలేదు."

జవాబు లేదు.

వంటింటి పానా తీసుకెళ్ళి విగో ఉత్తరాల పెట్టెలో పడేసి వచ్చాను.

జవాబు లేదు.


24 మే, మంగళవారం, పొద్దున తొమ్మిది

ఆరున్నరకి పాట మొదలైంది. అయిదింటి నుంచీ మేలుకునే ఉన్నాను. డ్రెస్సింగ్ గౌను వేసుకుని, జుట్టు చెదరగొట్టుకుని, తలుపు తీసి ఆశ్చర్యపోయాను. ఒక్కణ్ణే ఆశ్చర్యపోయాను.

గేటు చుట్టూ పచ్చగా దేవదారు తోరణం, వెండి కాగితం గులాబీలు, పైన వెండి అంకెల్లో 25. పద్నాలుగు మంది ఉన్నారు. శ్రుతి తప్పిన అకార్డియన్ కూడా ఉంది. అన్ని చరణాలూ పాడారు. నా పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. అందరూ దాని వైపు చూడకుండా జాగ్రత్తగా పాడుతున్నారు. 

"ఒక్క నిమిషం," అన్నాను పాట అయ్యాక. "బెంటె ఇంట్లో లేదు. లిస్‌బెత్ తుంటికి ఏమీ కాలేదు."

"తెలుసులే," అంది యూటె. "లిస్‌బెత్ ప్రతి బుధవారం నాతో పాటు జిమ్నాస్టిక్సుకి వస్తుంది. పోయిన వారం పిల్లిమొగ్గ వేసింది."

ఎవరో ఫక్కున నవ్వారు. విగోయే అయ్యుంటాడు.

"మార్చి నుంచీ తెలుసా?"

"అందరికీ తెలుసు."

"మరి తోరణం ఎందుకు కట్టారు?"

"ఇవాళ్టికి ఇరవై ఐదేళ్ళు అయ్యాయా, లేదా?"

"అయ్యాయి."

"ఇరవై ఐదేళ్ళకి కట్టాం. ఎవరు ఎక్కడ పడుకుంటున్నారో మేం కొలుచుకుంటూ కూర్చోం. బన్నులేవయ్యా, ఆకలేస్తోంది!"

పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. ఆ వంకర కోరపన్ను ఆవిడకి బాగానే ఉంది.

ఏడూ పదికి బస్సు ఆగింది. బెంటె దిగింది. ఒక చేతిలో ఆ చిన్న సంచీ, ఇంకో చేతిలో హెల్మెట్. హాల్లో కొక్కేల దగ్గర తగ్గిందేమిటో అప్పుడు తెలిసింది. రెండు నెలల అయిదు రోజులు రోజూ ఆ గోడ పక్క నుంచే నడిచాను, నా హెల్మెట్ పక్కన ఆమెది లేదని గమనించలేదు. ఆమె వెళ్ళినప్పుడే అది తీసుకెళ్ళింది.

అందరూ పక్కకి తప్పుకున్నారు. నా వైపు తలూపి, నేరుగా బండి దగ్గరికి వెళ్ళి, వంగి ఇంజను కింద చూసింది. నేనూ వెళ్ళి పక్కన వంగాను. ఇద్దరం ఎదురుచూశాం. నాలుగు నిమిషాలు చాలా ఎక్కువ సేపు. 

చుక్క పడింది.

"అదే చుక్క," అంది.

"అదే. బెంటె, నేను నిన్ను..."

"తర్వాత," అంది. "ముందు ఇది."

హెల్మెట్ పెట్టుకుంది. ఒక్క తన్నుకే అందుకుంది, నన్ను ఇరవై తన్నించిన ముండ. బండి ముందుకి కదిలింది, రాళ్ళ మీంచి, పద్నాలుగు మంది మధ్య నుంచి, తోరణం కిందినుంచి. పైనున్న 25 గాలికి ఒరిగిపోయింది. సైడ్‌కారు ఖాళీగా ఊగుతూ వెళ్ళింది. మలుపు దగ్గర, ఎప్పుడో మూసేసిన మిషను షాపు ముందు, హారను వినిపించింది. విగో చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"గేరు మార్చినప్పుడు విన్నావా?" అన్నాడు కాసేపటికి. "బేరింగు బాగా కూర్చోపెట్టావురా." పందొమ్మిదేళ్ళలో వాడు నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు. నాకేమీ అనిపించలేదు.

తను తిరిగి వస్తానని చెప్పలేదు. చిన్న సంచీ సైడ్‌కారులోనే పడేసి పట్టుకుపోయింది. నేను లోపలికొచ్చి నలభై బన్నులకి వెన్న రాశాను.


అదే రోజు, పదకొండూ ఇరవై

ఫోను మోగింది.

"థోర్కిల్."

"ఎక్కడున్నావు?"

"స్వానింగె గుట్టల మీద. బండి ఆగిపోయింది."

కాయిల్ కాలిందా? కార్బొరేటరు బుడ్డిలో మళ్ళీ బెజ్జమా? "ఆగే ముందు దగ్గిందా? అక్కడే ఉండు, నేనొచ్చి విప్పి..." అని, అక్కడే నోరు మూసుకున్నాను.

"పెట్రోలు ఎంత పోశావు?"

"రెండు లీటర్లు."

 అవతల నవ్వు మొదలైంది. రోస్టు రోజున నవ్విన నవ్వు కాదు. ఎగశ్వాస వచ్చేదాకా నవ్వింది.

"పందొమ్మిదేళ్ళు పనిచేసి రెండు లీటర్లా! లిస్‌బెత్ ఇంటి ముందు ఆపి కాఫీ తాగాను. తన తుంటి బాగానే ఉంది, నిన్ను అడిగానని చెప్పమంది. రేవు చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఈ గుట్ట ఎక్కాను, అంతే."

"తెస్తాను."

"ఆ అయిదు లీటర్ల డబ్బా నిండా పోయించుకురా," అంది. "నీ హెల్మెట్ కూడా తెచ్చుకో."

విగో పొద్దుటి నుంచి నాలుగు గ్లాసుల మందు పట్టించాడు, వాడు కారు తీయలేడు. సైకిలు మీద పద్నాలుగు కిలోమీటర్లు, ఎదురుగాలి, అయిదు లీటర్ల పెట్రోలు. షెడ్డు ముందు రాళ్ళ మీద ఆయిలు మరకలున్నాయి, అవి అలాగే ఉండనీ. టైర్లలో గాలి చూసుకుని బయల్దేరాలి. సైకిలుని అక్కడే ఏదో కంచెకి తాళం వేసి వదిలేస్తే సరిపోతుంది.